పైలంక పులస

కలయికకు 118 రోజులు

పొద్దున బుడగ కడగడానికి బయలుదేరుతుంటే పంచాయతీ కార్యదర్శి దమయంతిగారు కబురు పెట్టారు. కలయిక రెండో రోజు సాయంత్రం పెద్ద హాలు గంటన్నర సేపు నాకు ఇస్తారట. తోలుబొమ్మలాట ఆడాలి. ఆడతానని చెప్పేశాను.

అందుకే ఈ పుస్తకం మొదలుపెట్టాను. పని ఎంతవరకు వచ్చిందో రాసుకుంటూ పోతే, ఈసారైనా నన్ను నేను మోసం చేసుకోకుండా ఉంటాను.

నా పేరు బుల్లబ్బాయి. యాభై ఏళ్ళు వచ్చినా అదే పేరు. శుక్రగ్రహం మబ్బుల్లో తేలే పైలంకలో పుట్టాను, ఇక్కడే బుడగలు కడుగుతూ బతుకుతున్నాను. మా ఊరిని పన్నెండు పెద్ద బుడగలు మోస్తున్నాయి. మబ్బుల్లోని ఆమ్లం వాటి పైపొరను రోజూ కొద్దికొద్దిగా తింటుంది. మేం ముసుగులు తొడుక్కుని, నడుముకు తాడు కట్టుకుని, సోడా నీళ్ళతో దాన్ని కడుగుతుంటాం. కింద నేల ఉందంటారు గానీ, అక్కడి వేడికి సీసం కూడా కరుగుతుందట, దిగినవాళ్ళు లేరు. మా పెద్దలు గోదావరి లంకల నుంచి వచ్చినవాళ్ళు. నీళ్ళ మధ్య ఊళ్ళకు పెట్టుకున్న పేర్లే మబ్బుల మధ్య ఊళ్ళకూ పెట్టుకున్నారు. మాది పైలంక, ఇంకొకటి గాలిలంక. వేర్వేరు గాలుల్లో తిరిగే ఈ రెండూ ఏడేళ్ళకోసారి దగ్గరికొస్తాయి. అప్పుడు మూడు రోజులు వంతెన వేసి కలుపుతారు. పెళ్ళి చూపులు, విత్తనాల మార్పిడి, పాత స్నేహాలు అన్నీ ఆ మూడు రోజుల్లోనే.

ఒక ఊరు ఇంకో ఊరికి ఏదో ఒకటి ఆడి చూపించాలన్నది ఆనవాయితీ. అది మనుషులు చేత్తో చేసిందే అయ్యుండాలి. బొమ్మలు గీసే యంత్రం, పాటలు కట్టే యంత్రం రెండు ఊళ్ళలోనూ ఒకటే కదా, అది చేసినవి వాళ్ళెప్పుడో చూసేసి ఉంటారు.

కిందటి కలయికలోనూ ఆట నాదే. బొమ్మలు చెయ్యాల్సింది ఇంద్రనీల్. ఆట రోజున అతనూ రాలేదు, బొమ్మలూ రాలేదు. ఏడు వందల మంది ఖాళీ తెర ముందు గంటసేపు కూర్చుని, ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చివరి మనిషి వెళ్ళేదాకా నేను తెర వెనక దీపం ఆర్పకుండా నిలబడే ఉన్నాను.

కథ, పాట, మాట నావి. బొమ్మ మాత్రం నా చేతికి రాదు. నేను కొంగను గీస్తే కూజాలా ఉంటుంది. అందుకని ముందు నాకొక మనిషి కావాలి.

109 రోజులు

ఏడేళ్ళుగా మాట్లాడని ఇంద్రనీల్ దగ్గరికే ఈ రోజు వెళ్ళాను. ఆ చెయ్యి ఊళ్ళో ఇంకెవరికీ లేదు మరి. అతను ఆకుకూరల గదుల్లో దీపాలు చూసుకుంటాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, కిందటిసారి సంగతికి క్షమాపణ చెప్పబోయాడు. వద్దని కథ చెప్పాను.

కథ మా ముత్తమ్మమ్మ చెప్పినదే, నేను కొంచెం పెంచాను. వరదకు ఎర్రబడిన గోదావరిలోకి సముద్రం నుంచి ఒక ఆడచేప ఎదురీదుకుంటూ వస్తుంది, గుడ్లు పెట్టడానికి. అలా ఎదురీది వచ్చాకే దాన్ని పులస అంటారట. దారిలో కొంగ, సుడిగుండం, పడవలు ఎదురవుతాయి. అన్నీ దాటుకుని చివరికి వలలో పడుతుంది. దీనికి పాతిక బొమ్మలు కావాలి.

ఇంద్రనీల్ కళ్ళు మూసుకుని విన్నాడు. పదిహేను రోజుల్లో సగం ఇచ్చేస్తానన్నాడు. నమ్మాలనిపించింది, నమ్మాను.

94 రోజులు

ఈ పదిహేను రోజుల్లో ఎప్పుడడిగినా "అయిపోవచ్చింది అన్నయ్యా" అన్న మాటే విన్నాను. ఈ రోజు నేరుగా అతని గదికి వెళ్ళి కూర్చున్నాను. ఉన్నది ఒక్క బొమ్మ. కొంగ.

పాత బుడగ పొరను కోసి చేశాడు. దీపం ముందు పట్టుకుంటే, ఒంటికాలి మీద నిలబడి నీళ్ళలోకి చూస్తోంది. దాని ఓపికంతా మెడ వంపులోనే ఉంది. నా కళ్ళు చెమ్మగిల్లాయి. మిగతావి ఏవని అడిగాను.

"మొదలెట్టేటప్పుడు బాగానే ఉంటది అన్నయ్యా. పూర్తి చేస్తే నలుగురూ చూస్తారు గదా, అక్కడ చెయ్యి ఆగిపోద్ది. కిందటిసారీ అంతే. చెయ్యక కాదు, అన్నీ సగం సగం చేశాను."

ఇన్నేళ్ళూ నన్ను చులకన చేశాడని అనుకుంటూ వచ్చాను. ఆ కోపం పోయింది. కానీ కోపం పోయినంత మాత్రాన బొమ్మలు రావు. కొంగను నేను తీసుకుంటానని, అది తెర మీదికి వచ్చినప్పుడు అతని పేరే చెప్పిస్తానని అన్నాను. సరేనని తలూపాడు.

86 రోజులు

గొట్టాల పటాలు గీసే శేషఫణిని అడిగితే ముందుగా పదకొండు బొమ్మలు ఎనిమిది రోజుల్లో ఇస్తానన్నాడు. ఎనిమిదో రోజు, అంటే ఈ రోజు, పొద్దున ఎనిమిదింటికి తలుపు తట్టాడు. పదకొండు బొమ్మలూ విడివిడిగా చుట్టి, ఒక్కోదానికీ చీటీ కట్టి తెచ్చాడు. గీతలో వంకర లేదు, కోతలో పొరపాటు లేదు. అయితే పడవవాడి మొహమూ చేప మొహమూ ఒకేలా ఉన్నాయి. చీటీ చూస్తే గానీ ఏది ఎవరో తెలియదు.

ఎలా చెప్పాలా అని నేను సతమతమవుతుంటే అతనే అందుకున్నాడు.

"ప్రాణం లేదు కదండీ? నాకూ తెలుస్తోంది. కొలతలో తేడా ఉంటే చెప్పండి, సరిచేస్తాను. ప్రాణానికి కొలతెంతో నాకు తెలీదండి."

అంత నిజాయితీపరుణ్ణి వదులుకోవడం ఇష్టంలేక, ఆట రోజున దీపాలు చూసుకోమని అడిగాను. ఎన్నో క్షణంలో ఏ రంగు దీపం పెట్టాలో రాసిస్తే చాలన్నాడు.

మధ్యాహ్నం దమయంతిగారు ఎదురుపడ్డారు. కలయిక ఇంకా అరవై రోజులుందనగా కనీసం మూడు బొమ్మలు పంచాయతీకి చూపించాలట. లేకపోతే హాలు కోలాటం వాళ్ళకు ఇచ్చేస్తారు. కిందటిసారి జరిగింది తలచుకుంటే ఆమెను తప్పుపట్టలేను.

81 రోజులు

ఈ రోజు ఏడో బుడగ వంతు. పైకెక్కి కడుగుతుంటే బ్రష్ ఒకచోట జారిపోయింది. అక్కడ ఒక అతుకు ఉంది, చేత్తో తడిమితే గానీ తెలియనంత సన్నగా. అతుకులు వేసేవాళ్ళందరూ పొరను చదరంగా కోసి అంటిస్తారు. ఇది ఆకులా ఉంది. చిరుగు ఎటు వంగితే అతుకూ అటే వంగి, చివరికొచ్చేసరికి గాలిలో కలిసిపోయినట్టు ముగిసింది. పక్కన ఇంకొకటి, దానికవతల మరొకటి. ఒకటి ఇంకొకదానిలా లేదు. కడగడం మానేసి తాడుకు వేలాడుతూ వాటినే చూస్తూ ఉండిపోయాను. కింద నుంచి మేస్త్రీ రెండుసార్లు తాడు లాగాడు.

దిగాక అడిగితే, ఏడో బుడగ అతుకులన్నీ రిబ్కావని చెప్పారు.

80 రోజులు

రిబ్కాకు ముప్పై నాలుగేళ్ళు. పనిలో చాలాసార్లు చూసే ఉంటాను, ముసుగులో ఎవరైనా ఒకటే. కాఫీ తాగుతూ ఉంటే వెళ్ళి, ఆ అతుకులు అలా ఎందుకు కోస్తావని అడిగాను.

"మూలలుంటే ఆమ్లం ముందు అక్కడే పట్టుకుంటదండి. మూల లేకపోతే లేవదు," అంది. అందం గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

కథ చెప్పాను. బొమ్మలెన్ని, ఎంత ఎత్తు, ఎన్ని కీళ్ళు, ఎప్పటికి కావాలి అని వరసగా అడిగింది. మా ఇద్దరికీ మాట పడకపోతే ఎవరి మాట నెగ్గాలని కూడా అడిగింది. ఇంతవరకు నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కథలో నాది, బొమ్మలో నీది అన్నాను. కాగితం మీద రాసుకుంది. తర్వాత తన షరతులు చెప్పింది. పని అయ్యాక రోజూ నాలుగు నుంచి ఆరు వరకు వస్తుంది. ఆదివారం ప్రార్థన ఉంటుంది కనుక రాదు. కత్తి చేతిలో ఉన్నప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు. రాత మొత్తం తనకు ముందే ఇవ్వాలి.

"ఇంకొకటండి. నా పేరు మీ పేరు పక్కన చెప్పాలి. కింద కాదు."

సోమవారం నాటికి రాత ఇస్తానని మాటిచ్చి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

74 రోజులు

సోమవారం. సరిగ్గా నాలుగింటికి రిబ్కా కత్తుల మూట పట్టుకుని వచ్చింది. నా దగ్గర రాత లేదు. పాటలు నోటికి ఉన్నాయి, కథ బుర్రలో ఉంది, కాగితం మీద ఒకటిన్నర పేజీ ఉంది. ఎదురీత పాట పాడి వినిపించాను. విని, బాగుందంది. కాగితం ఏదని అడిగింది.

"అయిపోవచ్చిందమ్మా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా చెవులకే తగిలింది. ఇంద్రనీల్ కాదు, నేనే అన్నాను. కిందటిసారి కూడా ఇంద్రనీల్‌కు ఆఖరి పేజీలు ఎప్పుడిచ్చానో ఇప్పుడు గుర్తొచ్చింది. ఆటకు నాలుగు రోజుల ముందు. ఏడేళ్ళలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాకు నేనూ చెప్పుకోలేదు.

రిబ్కా కోప్పడలేదు. మూట విప్పకుండానే మళ్ళీ చంకలో పెట్టుకుంది.

"కథ తెలియకుండా కోస్తే పొర పాడవుద్దండి. ఎప్పుడిస్తారో మీరే చెప్పండి."

"గురువారం."

"గురువారం ఎన్నింటికి?"

నాలుగింటికి అన్నాను. రాసుకుని వెళ్ళింది.

71 రోజులు

ఈ మూడు రోజులూ బుడగ మీద నుంచి దిగగానే బల్ల ముందు కూర్చున్నాను. పాట వచ్చినప్పుడే రాయాలని, మనసు కుదరాలని నేను చెప్పుకుంటూ వచ్చిన సాకులన్నీ మొదటి రోజుతోనే అయిపోయాయి. రెండో రోజు రాత కదిలింది. మూడో రోజు నన్నది వదల్లేదు, అన్నం చల్లారిపోయింది. నాలుగింటికి ఇరవై నిమిషాల ముందే పన్నెండు పేజీలు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఇంత సంతోషంగా ఎవరికోసమైనా ఎదురుచూసి చాలా ఏళ్ళయింది.

రిబ్కా అక్కడే కూర్చుని మొత్తం చదివింది. పెన్సిలుతో ముప్పై ఒక్క ప్రశ్నలు రాసింది. చేప ఇక్కడ ఎడమకు తిరుగుతుందా, కుడికా? కొంగ ఎగిరాక నీళ్ళు కదలాలా? పడవ ఖాళీదా, బరువుతో ఉందా? సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. కూర్చుని ఇద్దరం ఆలోచించాం.

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి, వరద నీళ్ళు ఎక్కే చోటు రెండుసార్లు చదివానని చెప్పింది. అది మెచ్చుకోలని నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది.

60 రోజులు

మొదటి రెండు రోజులు రిబ్కా కత్తి ముట్టుకోలేదు. చేపల తొట్ల దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది. మా తొట్లలో పెంచేవి వేళ్ళంత చేపలు, ఎదురీదడానికి వాటికి ప్రవాహం లేదు. తొట్టి కాపలావాణ్ణి బతిమాలి పంపు వేగం పెంచించిందట. చేపలు కొట్టుకుపోకుండా తోకను ఎలా తిప్పుతాయో గంటల తరబడి గీసుకుంది.

పొర మీద రంగు నిలవదు. ఇంద్రనీల్ అందుకే కొంగను తెల్లగా వదిలేశాడు. అతుకు వేసే ముందు పొరను గరుకు చేసినట్టే రిబ్కా దీన్నీ సన్నటి ఇసుకతో రుద్ది, పసుపు, బీట్‌రూట్ రసం నూనెలో కలిపి ఎక్కించింది. రంగు లోపలికి ఇంకిపోయింది.

ఈ రోజు పంచాయతీ గదిలో దీపం వెలిగించి మూడు బొమ్మలు ఆడించాం. కొంగ, సుడిగుండం, పులస. పులస తోకను మూడు ముక్కలుగా చేసి ఒకదాని మీద ఒకటి పడేలా కట్టింది. పుల్ల కొంచెం కదిలిస్తే చాలు, తోక తిరిగి, ఒంటి మీద వెండి మెరుపు పాకి, తల నీటిని చీల్చుకుంటూ పోతున్నట్టుంది. దమయంతిగారు మాట్లాడకుండా లేచి తెర దగ్గరికి వచ్చి, వెనక నీళ్ళు ఉన్నాయేమోనన్నట్టు తొంగిచూశారు. హాలు మాకే ఉంచారు.

41 రోజులు

ఈ పుస్తకంలో రాయడం తగ్గింది. పని బాగా సాగుతుంటే రాసేందుకు ఏముంటుంది?

రోజూ నాలుగింటికి రిబ్కా వస్తుంది. మొదటి పది నిమిషాలు నిన్నటి పని చూస్తాం. తర్వాత ఆమె కోస్తుంది, నేను గదికి అవతలి మూలన పాటలు సరిచూసుకుంటాను. వెనక నిలబడను. ఆరింటికి కత్తులు తుడిచి మూట కడుతుంది, సగం కోసిన తల ఉన్నా సరే. మొదట్లో నాకది నచ్చేది కాదు. ఊపులో ఉన్నప్పుడు ఆపేస్తే ఎలా అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది, సగంలో ఆపిన తల మర్నాడు నాలుగింటికి ఆమె కోసం సిద్ధంగా ఉంటుంది. నేనూ పాటను చరణం మధ్యలో ఆపడం నేర్చుకున్నాను.

దెబ్బలాటలూ ఉన్నాయి. కథలో పడవ నడిపే ఆడమనిషి అందంగా ఉండాలని నేను, చేతులు మాత్రం మొరటుగా ఉండాలని రిబ్కా. బొమ్మ విషయంలో మాట నీదని నేనే అన్నాను కదా, ఊరుకున్నాను. చేతులు పూర్తయ్యాక చూస్తే, ఆ చేతుల వల్లే ఆ బొమ్మ అందంగా ఉంది. సుడిగుండం పాట ఒక చరణం ఎక్కువైందని రిబ్కా అంది. కథలో మాట నాది. నాలుగు రోజులు మొండికేసి, ఐదో రోజు ఆ చరణం నేనే తీసేశాను.

ఇంద్రనీల్ కూడా ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళాడు. కొంగ రెక్క కీలు బిగుసుకుపోతోందని రిబ్కా చెబితే, మర్నాడు సాయంత్రానికి సరిచేసి తెచ్చాడు. ఒక్క కీలే. కానీ చెప్పిన రోజుకి తెచ్చాడు.

17 రోజులు

ఈ రోజు రిబ్కా మూట లేకుండా వచ్చింది, అదీ మూడున్నరకే. ఆమె ముందుగా రావడం ఇదే మొదటిసారి. 

వంతెన తగిలించే వైపు బుడగలన్నింటికీ కొత్త పొర వెయ్యాలని మధ్యాహ్నమే ఆజ్ఞ వచ్చిందట. అతుకుల జట్టులో అందరికీ రెండు వంతుల పని. కలయిక దాకా ఆమెకు మిగిలేది రోజుకు అరగంట.

"ఇరవై ఒకటి అయినయ్యి. ఇంకా మూడున్నయ్యి. వలవాడు, వాడి భార్య, ఆఖర్లో వచ్చే పెద్ద పడవ. ఆ మూడూ నా వల్ల కాదండి. మిగిలిన అరగంటల్లో వల మాత్రం చెయ్యగలను. ఆ మూడూ లేకుండా కథ నడుస్తదేమో చూడండి. పదిహేడు రోజులున్నాయి కాబట్టి ఈ రోజే చెప్దామని వచ్చాను."

 ఆమె అనుకుంది నాకు కోపం వచ్చిందని. కోపం కాదు. నాతో పనిచేసినవాళ్ళెవరూ 'నా వల్ల కాదు' అన్న మాటను ఇంత ముందుగా తెచ్చి నా చేతిలో పెట్టలేదు. అందరూ చివరి రోజు దాకా అవుతుందనే అన్నారు, నేనూ అలాగే అన్నాను. ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. కథ నా పని, చూసుకుంటానని చెప్పాను.

11 రోజులు

వలవాడు లేకుండా చివరి ఘట్టం ఎలా ఆడాలి? మూడు రోజులు బుడగలు కడుగుతూ ఇదే ఆలోచన. నాలుగో రోజు తాడుకు వేలాడుతూ, మబ్బులోంచి నా వైపు ఊగుతూ వచ్చిన ఇంకో తాడు కొసను చూశాను. పైన పట్టుకున్న మనిషి మబ్బులో కనిపించడం లేదు, తాడు మాత్రం వస్తోంది. చేపకు కూడా అంతే కదా. దానికి వలవాడు ఎప్పుడు కనిపించాడు? వల ఒక్కటే కనిపిస్తుంది.

వలవాడి పాట, అతని భార్య మాటలు, పడవ వర్ణన, మొత్తం రెండు పేజీలు కొట్టేశాను. తెర పైనుంచి వల దిగుతుంది, అంతే. పట్టుకున్న చేతులు ఎవరివో తెలియవు. ఈ రోజు అరగంట దొరికినప్పుడు రిబ్కాకు చదివి వినిపించాను. బొమ్మలు చెయ్యలేకపోవడమే మంచిదైందండీ అని నవ్వింది. ఆమె పళ్ళు కనిపించేలా నవ్వడం ఇప్పుడే చూశాను.

బొమ్మల కీళ్ళు ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు గనక, ఆటలో కూడా రెండో జత చేతులు ఆమెవే. పులసను నేను ఆడిస్తూ పాడతాను. మిగతావి ఆమె. శేషఫణి దీపాల దగ్గర.

కలయిక, రెండో రోజు

ఇప్పుడే అయింది. 

హాల్లో తొమ్మిది వందల మంది. గాలిలంకవాళ్ళు ముందు వరసల్లో. తెర వెనక నిలబడగానే, ఏడేళ్ళ కిందటి సాయంత్రం గుర్తొచ్చింది. పక్కకు చూశాను. ఇరవై రెండు బొమ్మలూ వరసలో తాళ్ళకు వేలాడుతున్నాయి. రిబ్కా చేతులు కడుక్కుని తుడుచుకుంటోంది. మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన చదివారు. కొంగ వచ్చినప్పుడు ఇంద్రనీల్ పేరు చెప్పారు, మా ఊరివాళ్ళ వరసల్లోంచి ఒక్కసారిగా చప్పట్లు లేచాయి.

వరద ఎక్కేసరికి శేషఫణి ఎర్ర దీపం వేశాడు. తెరంతా గోదావరి. నా గొంతు ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత తేలిగ్గా లేవలేదు. ఏ పాట దగ్గర ఏ బొమ్మ కావాలో నేను వెతుక్కోనక్కర్లేదు, చూసేసరికి అది అక్కడ ఉంది. సుడిగుండంలో పులస మూడు చుట్లు తిరిగి బయటపడితే హాలు మొత్తం ఊపిరి వదిలింది.

చివరి ఘట్టం. పైనుంచి వల దిగింది. అప్పుడు నాలుగో వరసలోంచి, గాలిలంక ఆడపిల్ల ఎవరో, పైకి పో అంది చేపతో. వాళ్ళమ్మ కాబోలు ఊరుకోమంది. పిల్ల మళ్ళీ అంది. పక్కన ఇంకో గొంతు కలిసింది. ఆ తర్వాత ముసలివాళ్ళు, వంతెన కాపలావాళ్ళు, దమయంతిగారు కూడానట, అందరూ అదే మాట. పైకి, పైకి.

రాత ప్రకారం పులస ఇప్పుడు పట్టుబడాలి. పట్టుబడే పాట నా నాలుక మీద ఉంది. పాడలేక రిబ్కా వైపు చూశాను. వల ఆమె చేతుల్లో ఉంది. రాతలో లేనిదానికి ఒక్క వేలు కూడా కదపని మనిషి. తెర వైపు చూసింది. తెర అవతల గొంతులు విన్నది. నా వైపు తలతిప్పకుండానే వల కుడి అంచును అరచెయ్యంత పైకెత్తింది.

నేను పులసను ఆ సందులోంచి పంపాను. పాట లేదు, మాట లేదు, తోక ఒక్కటే. వల కింద నుంచి జారి, తెర పై అంచు దాకా ఈదుకుంటూ పోయి, వెలుగులో కలిసిపోయింది. ఏ దీపం వెయ్యాలో రాతలో లేదు కదా, శేషఫణి ఒక్క క్షణం తడబడి తనంతట తానే తెల్ల దీపం పెట్టాడు.

ఆ చప్పట్లకు ఊరు ఊగిందని నేను చెబితే ఎవరూ నమ్మరు గానీ, బొమ్మలు కట్టిన తాళ్ళు మాత్రం ఊగాయి.

జనం వెళ్ళాక, అది రాతలో లేదు కదమ్మా అన్నాను.

"ఆయ్, లేదండి. రాతంతా నోటికొచ్చినాకే కదండీ, ఎక్కడ దాటొచ్చో తెలిసేది," అంది రిబ్కా, వలను మడతపెడుతూ.

కలయిక, మూడో రోజు

మధ్యాహ్నం వంతెన ఎత్తేశారు. మమ్మల్ని కిటికీల దగ్గరికి రమ్మని ఎవరో పిలిస్తే వెళ్ళాం. ఇంద్రనీల్ వచ్చాడు, శేషఫణి వచ్చాడు. రిబ్కా పని నుంచి అలాగే వచ్చింది, ముసుగు మెడలో వేలాడుతోంది.

గాలిలంక మెల్లగా దూరం జరుగుతోంది. వాళ్ళ పొడవాటి వసారా కిటికీల నిండా మనుషులు. ఎప్పుడూ చేతులు ఊపి వీడ్కోలు చెప్పడం ఆనవాయితీ. ఈసారి ఎవరూ ఊపడం లేదు. ఏం చేస్తున్నారో మొదట అర్థం కాలేదు. అద్దానికి అరచేతులు ఆనించి, వేళ్ళు ముందుకు పెట్టి, మణికట్టు అటూ ఇటూ తిప్పుతున్నారు. వందల చేతులు. చేపల గుంపు ఒకటి మబ్బులకు ఎదురీదుతూ పోతోంది.

రిబ్కా కళ్ళు చికిలించి, అతుకును పరీక్షించినట్టు ఆ కిటికీలన్నిటినీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఎడమ నుంచి మూడో కిటికీ ఆవిడకి తోక కుదిరిందండి," అంది. "మిగతావాళ్ళు మొదలు నుంచి తిప్పుతున్నారు. కొస నుంచి తిప్పాలి."

అని, ఎలాగో వాళ్ళకు చూపించడానికి తన చెయ్యి ఎత్తి అద్దానికి ఆనించింది. నేనూ ఎత్తాను.